తూకం మరిచిన మోతాదు

గుండెపోటు మగవాళ్ళ జబ్బు అనే నమ్మకం మన సమాజంలో ఇంకా పోలేదు. దానికి తోబుట్టువు మరొకటి ఉంది: గుండెపోటు వైద్యంలో ఆడవాళ్ళకు రక్తస్రావం ఎక్కువ, అది వాళ్ళ శరీరతత్వం, ఎవరేం చేస్తారు? ఇందులో మొదటి మాట నిజం. చివరి మాటను మాత్రం ఒప్పుకోవడానికి వీల్లేదు.

గుండెకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ పెరగకుండా హెపారిన్, ఆస్పిరిన్ వంటి మందులు ఇస్తారు. ప్రాణం నిలబెట్టే ఆ మందులే మోతాదు మించితే కడుపులోనో, మెదడులోనో రక్తం కారేలా చేస్తాయి.

అమెరికాలో జరిగిన క్రూసేడ్ పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ప్లేట్‌లెట్లు అంటుకోకుండా ఆపే ఒక రకం ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో స్త్రీలకు 15.7 శాతం, పురుషులకు 7.3 శాతం తీవ్ర రక్తస్రావం జరిగింది. సరే, ప్రకృతి అనుకుందాం. మరి ఆ మందు మోతాదు మించి పడింది స్త్రీలలో 46.4 శాతానికి, పురుషులలో 17.2 శాతానికేనే! ఇదీ ప్రకృతేనా? స్త్రీల రక్తస్రావంలో సుమారు నాలుగో వంతు ఈ అధిక మోతాదు వల్లనేనని పరిశోధకులు తేల్చారు.

ఎందుకిలా జరుగుతుంది? ఇద్దరికీ 70 ఏళ్ళే, ఇద్దరికీ క్రియాటినిన్ 1 అనే రిపోర్టు వచ్చిందనుకోండి. చూడగానే ‘నార్మల్’ అంటాం. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రంతో లెక్క కట్టండి. 70 కిలోల పురుషుడి మూత్రపిండాల వడపోత నిమిషానికి 68 మిల్లీలీటర్లు. 45 కిలోల స్త్రీకి 37 మాత్రమే. 50 కంటే తగ్గితే ఎప్టిఫిబటైడ్ ధారను సగం చేయాలి. రిపోర్టు ఒకటే, మోతాదు ఒకటి కాదు!

మోతాదు ఒక్కటే కారణమని నేననను. స్త్రీలకు గుండెపోటు వచ్చేసరికి వయసు పైబడి ఉంటుంది, రక్తనాళాలూ సన్నం. అక్కడా దారి ఉంది. తొడ నుంచి కాక మణికట్టు నుంచి గొట్టం పంపితే రక్తస్రావం తగ్గుతుందని 2015లో మాట్రిక్స్ పరిశీలన చూపింది. అలాగని రక్తం కారుతుందేమోనన్న భయంతో అసలు మందే ఇవ్వకపోవడం ఇంకో అన్యాయం. కావలసింది మందు మానడం కాదు, సరిగ్గా తూచి ఇవ్వడం.

మిత్రులారా, మనమంతా డాక్టర్లం కాబోము. కానీ ఏదో ఒకనాడు ఆసుపత్రి వరండాలో నిలబడక తప్పదు. ఆనాడు, “అమ్మ బరువు తూచారా? కిడ్నీ లెక్క కట్టారా?” అని వినయంగానే అడుగుదాం. స్త్రీ పురుష సమానత్వమంటే ఇద్దరికీ ఒకే మోతాదు పోయడం కాదు, ఇద్దరి ప్రాణానికీ ఒకే విలువ కట్టడం.