పూత కాదు, కోత

పాత జీపు కొన్న ప్రతివాడికీ మొదటి వారంలోనే ఒక సలహా అందుతుంది. "చాసీకి తుప్పా? పాత బండి కదా సార్, మామూలే. వైర్ బ్రష్ కొట్టించి నల్ల కోటింగ్ వేయించెయ్యండి, ఇంక పదేళ్ళు కిందికి తొంగిచూడక్కర్లేదు." షెడ్డులో మేస్త్రీ ఇదే చెబుతాడు. బండి అమ్మిపెట్టిన బ్రోకరూ, మనలాగే జీపు పిచ్చి ఉన్న స్నేహితుడూ ఇదే చెబుతారు. కాలిన ఇంజనాయిల్ పులిమితే చాలనేవాళ్ళు, పాతకాలపు ఇనుముకి ఏమీ కాదనేవాళ్ళు కూడా ఈ కోవలోనివాళ్ళే. ఈ మాటలన్నీ తప్పు. ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

నేనూ నమ్మాను. పాతికేళ్ళు దాటిన జీపును కాకినాడలో కొని, నెల తిరక్కుండా అడుగంతా మందంగా కోటింగ్ వేయించాను. కొత్త బండి కింద పడుకుని చూస్తున్నట్టే అనిపించింది. మూడో వానాకాలం వెళ్ళాక మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగుతుంటే వెనకనుంచి టప్‌మని చప్పుడు వచ్చింది, బండి ఎడమకి వాలిపోయింది. వెనక కమాన్ పట్టీలను చాసీకి పట్టి ఉంచే బ్రాకెట్, తన చుట్టూ ఉన్న రేకుతో సహా ఊడివచ్చేసింది. వెనక సీట్లో పిల్లలిద్దరున్నారు. నెమ్మదిగా దిగుతున్నాం కాబట్టి కొండవైపు ఆపగలిగాను. తర్వాత కిందికి దూరి చూస్తే కోటింగ్ నిగనిగలాడుతూనే ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగబడింది. ఆ నల్లతోలు వెనక ఇనుము లేదు, ఎర్రటి పొడి మాత్రమే ఉంది.

ఆ కోటింగ్ నా చాసీని కాపాడలేదు. దాని జబ్బును నాకు కనపడకుండా చేసింది, అంతే.

తుప్పుకి కావలసినవి రెండే: నీరు, గాలిలోని ఆక్సిజన్. ఉప్పు తోడైతే దాని పని మరింత వేగంగా సాగుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, వాన పడకపోయినా పని మొదలైపోతుంది. ఇప్పుడు తుప్పు మీద రబ్బరు కోటింగ్ వేశామనుకోండి. తుప్పు స్పాంజిలాంటిది, అందులో తేమ ఉంటుంది, ఉప్పు ఉంటుంది. వైర్ బ్రష్ పైపొరను రాలుస్తుంది కానీ గుంటల అడుగున కూర్చున్న ఉప్పును తియ్యలేదు. మనం చేసిందల్లా ఆ తేమనీ ఉప్పునీ లోపలేసి మూత పెట్టడం. రాయి తగిలో, చాసీ మెలితిరిగో ఆ పూత ఒకచోట సన్నగా చీలుతుంది. చీలికలోంచి దూరిన నీళ్ళు రబ్బరు వెనకే ఉండిపోతాయి, ఆరే దారి లేదు. ఏ పూతా లేని చాసీ ఎండకి ఆరనైనా ఆరుతుంది, దాని రోగం కంటికి కనపడనైనా కనపడుతుంది. శుభ్రమైన కొత్త ఇనుము మీద కోటింగ్ మంచిదే. దాని మీద నాకు కోపం లేదు. తుప్పు మీద దాన్ని వేసి వైద్యం చేశామనుకోవడం మీదే నా కోపమంతా.

కాలిన ఆయిల్ సంగతి. పైన ఉన్న నీటిని కొంతకాలం దూరంగా ఉంచుతుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి దుమ్ము అతుక్కుంటుంది, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, మిగతాది కారి నేలలో కలుస్తుంది. తుప్పును నల్లగా మార్చే ఆసిడ్ ద్రావణాలు కూడా అంతే, పలచగా గట్టిగా అతుక్కున్న తుప్పు మీద పనిచేస్తాయి. పెచ్చులూడే తుప్పు అడుగుదాకా అవి దిగనే దిగవు.

"చూడు, ఎంత మందంగా ఉందో!" అంటూ చాసీని చేత్తో తట్టి చూపిస్తారు కొందరు. ఆ మందాన్నే చూసి భయపడాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. అర మిల్లీమీటరు ఇనుము పోయినచోట రెండు మిల్లీమీటర్ల పెచ్చు లేస్తుంది. ఉబ్బిన చాసీ బలిసినది కాదు, చిక్కిపోయినది. రెండు రేకులు కలిసేచోట ఈ ఉబ్బుడు వెల్డింగునే పగలదీస్తుంది. అసలు ఈ చాసీల రేకు మందమెంతో చాలామందికి తెలియదు. లాండ్ రోవర్ డిఫెండర్ చాసీ రేకు సుమారు రెండు మిల్లీమీటర్లు. ఆ బండి బాడీ రేకులు ఎక్కువగా అల్యూమినియం, అందుకని పైన అందం చెక్కుచెదరదు. కిందున్న ఉక్కును మాత్రం తుప్పు తినేస్తుంది. ఇంగ్లండులో దాని యజమానులు పాత చాసీ తీసేసి, కరిగించిన జింకులో ముంచి తీసిన కొత్త చాసీ వేయించుకోవడం అక్కడ చాలా మామూలు పని.

"ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా నిలబడలేదా, పాత ఇనుము అంటే అదీ" అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆ స్తంభపు ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ, దానివల్ల ఉపరితలం మీద రక్షణపొర ఒకటి ఏర్పడింది. మన జీపు చాసీ మామూలు మెత్తటి ఉక్కు. వయసు వల్ల ఇనుముకి రోగనిరోధక శక్తి రాదు. 1990లో చేసిన ఉక్కు సముద్రపు గాలికి లొంగినట్టే 2020లో చేసిన ఉక్కూ లొంగుతుంది. తేడా ఒకటే, పాతదానికి అప్పటికే 30 వానాకాలాలు తగిలాయి.

ఇంకో వాదన: "చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి బండ్లకి ఆ బాధ. మనకెందుకు?" నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట బతికే మనమా ఈ మాట అనేది? సూర్యలంక ఇసుకలో బండి పరిగెత్తించి వచ్చి, చాసీని మంచినీళ్ళతో కడిగేవాళ్ళు ఎందరు? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లనైతే చూడండి. ఉప్పునీటి బురద చక్రాలకి, రొయ్యల పెట్టెల్లోంచి కరిగిన ఐసునీళ్ళు వెనక చాసీ మీద. పైగా మన వేడి. వేడి పెరిగేకొద్దీ తుప్పు వేగం పెరుగుతుంది.

ఉప్పు దెబ్బ ఎలా ఉంటుందో అమెరికాలో టొయోటా కంపెనీకి తెలిసివచ్చింది. టకోమా, టండ్రా, సెకోయా బండ్ల చాసీలు తుప్పుతో తూట్లు పడుతున్నాయని యజమానులు కోర్టుకెక్కారు. 2016లో కుదిరిన రాజీ దాదాపు 15 లక్షల బండ్లకి వర్తించింది. చాసీల తనిఖీ, తూట్లు పడ్డవాటికి చాసీ మార్పిడి, అన్నీ కలిపితే ఆ ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా వెళ్ళొచ్చని అప్పట్లో లెక్కగట్టారు. చాసీకి తూటు పడితే కోటింగ్ వేసి పంపితే సరిపోతుందని అక్కడెవరూ అనలేదు. చాసీయే మార్చాలన్నారు.

తూటు కన్నా ముందే పట్టుకోవాలంటే చూడాల్సిన చోట చూడాలి. చాసీ తుప్పు ఎక్కువగా లోపలినుంచి బయటికి వస్తుంది. డబ్బాలా మూసి ఉన్న చాసీ కొమ్ములకి నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి. పొలంగట్టు బురద వాటిని మూసేస్తుంది. సర్వీసింగ్ కేంద్రంలో ప్రెషర్‌తో కొట్టిన నీళ్ళు ఇంకో రంధ్రంలోంచి లోపలికి పోతాయి, బయటికి రావు. అడుగు లోపలినుంచి కరుగుతూ ఉంటుంది, బయట నలుపు మెరుస్తూనే ఉంటుంది. కమాన్ పట్టీల బ్రాకెట్లు, వెనక అడ్డదూలం, బాడీని బోల్టులతో బిగించే చెవులు, స్టీరింగు బాక్సు కూర్చునే చోటు, ఇవి మొదట పోయేవి. బ్రిటన్‌లో మూడేళ్ళు దాటిన కార్లకి ఏటా జరిగే పరీక్షలో సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టులు బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపల, అంటే ఒక అడుగు లోపల, రేకు బలం పోయినట్టు తేలితే బండి తప్పినట్టే. మన ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేతికొచ్చిందంటే చాసీ బాగున్నట్టేనని అనుకోకండి. ఆ అడుగు మేర మీరే చూసుకోవాలి.

చూడటానికి చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు చాలు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. చచ్చిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగబడితే దిగబడనివ్వండి, రోడ్డు మీద విరిగేకంటే షెడ్డులో తూటు పడటం మేలు.

ఆ తర్వాత చెయ్యాల్సింది కోత. చుట్టూ మంచి ఇనుము మెరిసేదాకా కోసెయ్యాలి. కుళ్ళిన రేకు మీద కొత్త పట్టీ పెట్టి నాలుగు చుక్కలు వెల్డింగు పెట్టడం కూడా కోటింగు లాంటి మోసమే. ఆ రెండు రేకుల మధ్య నీళ్ళు చేరి ఏడాదికే పగులుతుంది. అసలు రేకుకి సరితూగే మందమున్న ముక్క, చుట్టూ ఎక్కడా తెగకుండా వెల్డింగు కావాలి. చాసీ కొమ్ముని నిలువునా ఒకే గీతలో అతకకుండా ఏటవాలుగా అతికితే బరువు ఒక్కచోటే పడదు. వెల్డింగుకి ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ ట్యాంకు దింపాలి. పని అయ్యాక మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, జింకు ప్రైమరో ఎపాక్సీ ప్రైమరో వెయ్యాలి. డబ్బా లోపలికి పొడుగు గొట్టంతో మైనం చిమ్మాలి. రంధ్రాలన్నీ తెరిచి ఉంచాలి. పూత వంతు ఇప్పుడు, అన్నిటికన్నా చివర. గ్రైండరు పట్టే కుర్రాడికి చాసీ నంబరు కొట్టిన చోటు ముందే చూపించండి. ఆ అంకెలు చెరిగితే తర్వాత రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవడం పెద్ద తంటా.

ఇంత పనికి డబ్బెక్కడిదని అడుగుతారు. పాడేరు, చింతపల్లి దారుల్లో జీపు నడుపుకుని బతికే అన్నకి ఈ ప్రశ్న అడిగే హక్కు లేదని నేననను, అతనికి ఒక్కరోజు బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. కానీ కోటింగ్ కూడా డబ్బు పెట్టే వేయిస్తున్నారు. ఆ డబ్బే మొదట సుత్తి దెబ్బకీ, అవసరమైన రెండుచోట్ల కోతకీ పెట్టమంటున్నాను. ఏడాదికి ఒక బ్రాకెట్ బాగుచేసుకుంటూ పోయినా నాలుగేళ్ళలో చాసీ గట్టిపడుతుంది. అంతా చెయ్యలేకపోతే వెనక కమాన్ బ్రాకెట్లూ స్టీరింగు బాక్సు చోటూ మొదట చెయ్యండి, ప్రాణం వేలాడేది వాటి మీదే.

షెడ్డు మేస్త్రీలకి ఒక మాట. మీ దగ్గరికి తుప్పు పట్టిన చాసీతో వచ్చినవాడు కోటింగే వెయ్యమని బతిమాలినా, ముందు సుత్తితో తట్టి ఆ చప్పుడు అతనికి వినిపించండి. పాత జీపులున్న వాళ్ళకి ఇంకో మాట. తొలకరి రాకముందే ఒక ఆదివారం పొద్దున్న బండి కిందికి దూరండి. వెనక బ్రాకెట్ల దగ్గర ఆ నల్లపూతని గీకి చూడండి.