కంచము అంచున కరివేపాకు

అవసరము తీరిన పిమ్మట ప్రక్కకు నెట్టబడిన మనిషిని గూర్చి "కూరలో కరివేపాకు వలె తీసివేసినారు" అని తెలుగువారు చెప్పుకొందురు. మలయాళమునందును ఇట్టి నానుడి కలదు. ఈ మాట మనుష్యులకు జరుగు అన్యాయమును తెలుపుటకు పుట్టినదే యైనను, ఆకునకు జరుగు అన్యాయమును గూడ తెలుపుచున్నది. పోపులో వేసి, సువాసనను గ్రహించి, భోజనమునకు కూర్చున్నపుడు ఆ ఆకును ఏరి కంచము అంచున పెట్టుట మన ఇండ్లలో నిత్యము జరుగు పని. ఈ అలవాటును మనము మానుకొనవలెనని నా అభిప్రాయము.

కరివేప మన ఉపఖండముననే పుట్టిన మొక్క. పేరులో వేప యున్నను ఇది నిమ్మ, నారింజ, మారేడు చెట్ల కుటుంబమునకు చెందినది. దీని శాస్త్రీయ నామములోని "కోనిగీ" అను పదము, దక్షిణ భారతమున మొక్కలను పరిశీలించి 1785లో కాకినాడ ప్రాంతమున మరణించిన వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్‌ను స్మరింపజేయును. కన్నడిగులు కరిబేవు అనియు, మహారాష్ట్రులు కఢీపత్తా అనియు, గుజరాతీలు మీఠో లీమడో అనియు, సింహళీయులు కరపించా అనియు దీనిని పిలుతురు. ఇన్ని భాషలవారి వంటలకు పరిమళమునిచ్చు ఆకు ఆహారముగా మాత్రము లెక్కకు రాకున్నది.

ఇది చిన్న విషయము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నుండిరి. ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 67 మంది స్థితి ఇదియే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలను చూచినచో 100 గ్రాముల పచ్చి కరివేపాకులో 600 మిల్లీగ్రాములకు మించి కాల్షియమును, సుమారు 8 మిల్లీగ్రాముల ఇనుమును గలవు. శరీరములో ఏ విటమినుగా మారు కెరోటిన్ కూడ దీనిలో సమృద్ధిగా నున్నది.

అయితే లెక్కను ఉన్నదున్నట్లు చెప్పవలెను. పోపులో వేయు రెండు రెబ్బల ఆకు కొద్ది గ్రాముల బరువు మాత్రమే తూగును. దానిని నమలి మ్రింగినంత మాత్రమున రక్తహీనత తీరదు. 25 గ్రాముల ఆకును తినినను లభించు ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములు. స్త్రీకి దినమునకు కావలసినది 29 మిల్లీగ్రాములని 2020 నాటి సిఫారసు. పైగా ఆకులలోని ఇనుములో స్వల్పభాగమును మాత్రమే శరీరము గ్రహించును. కావున కరివేపాకును పరిమళద్రవ్యముగా గాక ఆకుకూరగా ఎంచి, పిడికిళ్ల కొలది వాడవలెను. తోటకూర, మునగాకు, పప్పుధాన్యములతో దానిని జతపరుపవలెను.

ఇందులకు క్రొత్త వంటలు నేర్వనక్కరలేదు. మినపపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు, జీలకర్ర, చింతపండు చేర్చి దంచిన కరివేపాకు పొడిని మన పెద్దలు బాలింతలకు మొదటి ముద్దలో కలిపి పెట్టుచుండిరి. పచ్చి ఆకును వేయించి నూరిన పచ్చడియు మనకు క్రొత్త కాదు. పొడి కొరకు ఆకును కడిగి నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో కెరోటిన్ చాలవరకు నశించును. పొడిన్నములో ఒక చెంచా నువ్వులనూనె గాని నేయి గాని కలుపుట రుచికి మాత్రమే కాదు, కెరోటిన్ ఒంటబట్టుటకు క్రొవ్వు అవసరము. నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము మరికొంత ఒంటబట్టును. భోజనమైన వెంటనే తేనీరు, కాఫీ త్రాగుట ఈ లాభమును తగ్గించును. ఆకును ఏరివేయు పిల్లలకు దానిని మెత్తగా నూరి పప్పులోను, దోసెల పిండిలోను కలిపి పెట్టవచ్చును. శ్రీలంకలో ఉదయవేళ త్రాగు కొలకెంద అను ఆకుల జావలో కరపించాను గూడ నూరి కలుపుదురు; అచ్చట ఆకు కడుపులోనికే పోవును.

ఒక హెచ్చరిక. కరివేపాకు మధుమేహమును కుదుర్చుననియు, నెరసిన జుట్టును నల్లబరచుననియు పలువురు చెప్పుదురు. ప్రయోగశాలలలో ఎలుకలపై జరిగిన పరీక్షలను పట్టుకొని వైద్యుడిచ్చిన మందును మానుట ప్రమాదకరము. గర్భిణీ స్త్రీలు 180 దినములు వాడవలసిన ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలకు ఏ ఆకును బదులు కాజాలదు. ఆహారము మందునకు తోడుగా నుండవలెను.

ఆకును అధికముగా తినుమని చెప్పునపుడు అది శుభ్రమైనదై యుండుట ముఖ్యము. సంతలో కొన్న ఆకుపై పురుగుమందుల శేషములుండవచ్చును. దానిని పారు నీటిలో చక్కగా కడుగవలెను. ఇంతకంటె మేలైన మార్గము పెరటిలో ఒక మొక్కను నాటుట. పండిన కాయల గుజ్జు తీసి, విత్తనములను ఆలస్యము చేయక నాటవలెను. నిలువ యుంచిన విత్తనము మొలకెత్తుట అరుదు. పెద్ద చెట్టు వేళ్లనుండి లేచిన పిలకను నాటినను బ్రదుకును. ఎండ తగులు చోటున, నీరు నిలువని నేల చాలును. పెరడు లేనివారికి పెద్ద కుండీ చాలును. కొనలు త్రుంచుచుండినచో కొమ్మలు గుబురుగా వచ్చును.

2021లో ప్రధానమంత్రి పోషణ్ అను పేరు పొందిన మధ్యాహ్న భోజన పథకము క్రింద బడులలో పోషణ తోటలను ప్రోత్సహించుచున్నారు. ప్రతి తోటలోను ఒక కరివేప చెట్టుండవలెను. దాని ఆకును వంటవారు నూరియే పప్పులో కలుపవలెను. కంచము అంచున ఆకు మిగులని అలవాటు బడిలో పాతుకొన్నచో, ఆ పిల్లలే దానిని ఇంటికి గొనిపోదురు.