ఇంటికి వాషింగ్ మెషిన్ కొనే ముందు

మొదటి జీతం అందుకున్న మనవాళ్లు ఇంటికి ఏదైనా కొనాలంటే ముందు పెద్ద టీవీ వైపే చూస్తున్నారు. మేమైతే వాషింగ్ మెషినే కొనమంటాం. పాడేరు, అరకు వైపు వానాకాలంలో గెడ్డకి దిగి ఇంటిల్లిపాది బట్టలు ఉతికేది ఎవరు? అమ్మ, లేదంటే చెల్లి. వాళ్ల చేతులు ఒకసారి చూడండి.

అలాగని షోరూంవాడు చూపించిందల్లా తెచ్చేయకండి. ఫుల్ ఆటోమేటిక్‌కి కుళాయి నీళ్లు ప్రెషర్‌తో రావాలి. మన ఊళ్లల్లో ఇంటి లోపల కుళాయి ఉన్నవాళ్లు ఎందరు? సెమీ ఆటోమేటిక్ అయితే బిందెతో నీళ్లు పోసినా నడుస్తుంది. మధ్యలో కరెంటు పోతే మూత తీసి చేత్తో జాడించుకోవచ్చు. నలుగురున్న ఇంటికి 7 కేజీలది చాలు.

ఇక డ్రయ్యర్ సంగతి. సెమీలో పక్కనుండే చిన్న తొట్టిని కూడా డ్రయ్యరనే అంటారు గానీ, అది నీళ్లు పిండుతుందంతే, పూర్తిగా ఆరబెట్టదు. వేడిగాలితో ఆరబెట్టే టంబుల్ డ్రయ్యర్ వేరు. మామూలు రకాలు 2000 వాట్లు పైనే లాగుతాయి. బల్బే మిణుకుమిణుకుమనే లో వోల్టేజీలో అది మనకెందుకు? ముసురు పట్టినా, గట్టిగా పిండిన బట్టలు వంటింట్లో దండెం మీద వేస్తే ఆరతాయి. పొగ వాసన వస్తుందనుకోండి, అది మనకి కొత్తా!

అన్నట్టు తమ్ముళ్లూ, ఆ బిందెలు మోసేది కూడా అమ్మే అయితే మెషిన్ తెచ్చి ఏం లాభం? అది మీ వంతు. డబ్బులు కట్టకముందే ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.