కథల్లో మన పిల్లల పేర్లు ఎక్కడ?

వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చింది. ఏడవ తరగతి ముగించిన పిల్ల. జుహర్ నమాజు తర్వాత ఇల్లంతా కునుకు తీస్తుంటే, తాను మాత్రం కిటికీ పక్కన కూర్చొని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండేది. ఒకనాడు అడిగితే సిగ్గుపడుతూ చేతికిచ్చింది. అదొక కథ. శనిగ్రహ వలయాలను దాటి వెళ్ళే ఆకాశనౌక, దానికి నాయకురాలైన ఒక యువ శాస్త్రవేత్త, ఆమెకు తోడుగా మరో అయిదుగురు. పిల్ల ఊహ చక్కగా ఉన్నది. అయితే ఆరుగురిలో ఒక్కరికైనా మన ఇళ్ళలో పిలుచుకునే పేరు లేదు.

"నీ నౌకలో ఆయిషాగానీ సల్మాగానీ లేరేమమ్మా?" అని అడిగాను.

"అలాంటి కథల్లో ఆ పేర్లుండవు కదా ఖాలా! ఉన్నా చెడ్డవాళ్ళకే ఉంటాయి" అన్నది, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పినంత మామూలుగా.

ఆ మాటలో బాధ లేదు, ఫిర్యాదు లేదు. అదే నన్ను కలవరపరచింది. పన్నెండేళ్ళ బాలిక తాను కన్న కలలోనుంచి తన పేరును తానే కొట్టివేసుకున్నది. ఎవరూ బలవంతపెట్టలేదు. చూసిన సినిమాలు, చదివిన పుస్తకాలు ఆమెకు ఆ పాఠం నేర్పాయి.

మూస అంటే ఇదే. కంసాలి మూసలో ఏ లోహం పోసినా ఒకే ఆకారం వస్తుంది. మన తెలుగు తెరపై ముస్లిం పాత్ర చాలాకాలంగా రెండు మూడు మూసల్లోనే పోత పోయబడుతున్నది. నాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు, దర్గా దగ్గర ఖవ్వాలీ పాడే గాయకుడు, లేదా తుపాకి పట్టిన ఉగ్రవాది. మాట్లాడితే విరిగిన తెలుగు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు ఎన్ని లేవు? పిఠాపురంలో కూర్చొని తెలుగులో పద్యకావ్యాలు రచించిన ఉమర్ అలీషా మనవారు కారా? లెక్కల మాస్టారు, నర్సు, బియ్యం వ్యాపారి, బస్సు కండక్టరు, పరిశోధక విద్యార్థిని: మన వీధిలో ఉన్న ఈ మనుషులెవ్వరూ ఆ మూసలో ఇమడరు. చెడుగా చూపడం ఒక గాయమైతే, అసలు చూపకపోవడం మరొక గాయం. రెండవది పైకి కనిపించదు.

ఇటువంటి చిత్రణ ఎదురైనప్పుడు మనం సాధారణంగా చేసేది నిరసన తెలుపడం. అది అవసరమే. 1992లో అమెరికాలో ‘అలాద్దీన్’ కార్టూన్ చలనచిత్రం విడుదలైంది. అరబ్బుల దేశాన్ని చెవులు కోసే క్రూరుల దేశంగా వర్ణించే మాటలు దాని తొలి పాటలో ఉన్నాయి. అరబ్ అమెరికన్లు అభ్యంతరం చెప్పగా, మరుసటి సంవత్సరం వీడియోగా వచ్చినప్పుడు ఆ మాటలను మార్చారు. కాని ఆ నేలను ఆటవికమైనదిగా పేర్కొన్న మాట పాటలో అలాగే మిగిలింది. అభ్యంతరం ఒక చరణాన్ని దిద్దగలదు. ఖాళీగా ఉన్న ఆసనంలో ఒక కొత్త మనిషిని కూర్చోబెట్టాలంటే మాత్రం కొత్త కథ కావాలి.

కొత్త కథ అనగానే, అందులోనూ ఆకాశనౌకలు, అద్భుత దీవులు అనగానే, అది మనకు పరాయి విద్య అని కొందరు అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. 12వ శతాబ్దంలో అందలూసియాలో ఇబ్న్ తుఫైల్ అనే వైద్యుడు, తత్త్వవేత్త ఉండేవారు. ‘హయ్ ఇబ్న్ యఖ్‌జాన్’ అనే కథను అరబీలో ఆయన రచించారు. మనుషులు లేని దీవిలో ఒక శిశువును జింక పాలిచ్చి పెంచుతుంది. ఆ జింక మరణించినప్పుడు, దాని దేహంలోనుంచి తొలగిపోయినది ఏమిటని ఆ బాలుడు వెదకడం ప్రారంభిస్తాడు. జంతువులను, మొక్కలను, నక్షత్రాలను పరిశీలిస్తూ, ఏ గురువూ లేకుండా, ఈ సృష్టికి ఒక సృష్టికర్త ఉన్నాడనే నిర్ణయానికి చేరుకుంటాడు. ఈ గ్రంథం 1671లో లాటిన్ భాషలోకి, 1708లో అరబీనుంచి నేరుగా ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఒంటరి దీవి కథగా లోకమంతా ఎరిగిన ‘రాబిన్సన్ క్రూసో’ వెలువడినది 1719లో. ఊపిరితిత్తుల గుండా రక్తం ప్రవహించే మార్గాన్ని వివరించిన 13వ శతాబ్దపు వైద్యుడు ఇబ్నున్నఫీస్ కూడా ఇటువంటి దీవి కథనే ఒకటి రాశారు. అంటే, ‘ఇలా జరిగితే ఏమవుతుంది?’ అని ప్రశ్నించే కథ మన పూర్వికుల ఇంట పుట్టి పెరిగినదే.

మన దేశానికి వద్దాం. 1880లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో, పైరాబంద్ గ్రామంలో ఒక జమీందారు ఇంట రొకేయా జన్మించారు. ఆ ఇంట ఆడపిల్లలు బెంగాలీ, ఇంగ్లీషు నేర్చుకోవడం నిషిద్ధం. ఇల్లంతా నిద్రించిన తర్వాత అన్నగారు ఇబ్రాహీం దీపపు వెలుగులో ఆమెకు ఇంగ్లీషు నేర్పారు. బెంగాలీ నేర్చుకోవడంలో అక్క కరీమున్నిసా తోడ్పడ్డారు. భాగల్పూరులో ఉద్యోగం చేస్తున్న సయ్యిద్ సఖావత్ హుసేన్‌తో వివాహమైంది. భార్య చదువును, రచనను ఆయన ప్రోత్సహించారు. ఆయన ఉద్యోగ పర్యటనకు వెళ్ళిన రోజుల్లో, కాలక్షేపం కోసం, ఆమె ఇంగ్లీషులో ఒక చిన్న కథ రాశారు. పేరు ‘సుల్తానాస్ డ్రీమ్’, అనగా సుల్తానా కల. 1905లో అది మద్రాసునుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజీన్’లో అచ్చయింది.

సుల్తానా అనే ఇల్లాలు పడకకుర్చీలో కూర్చొని ఆలోచిస్తూ ఒక వింత దేశంలోకి వెళుతుంది. అక్కడ స్త్రీలు నిర్భయంగా వీధుల్లో నడుస్తారు. పురుషులే ఇళ్ళలోని మర్దానాలో ఉంటారు. ఒక యుద్ధంలో సైనికులు ఓడిపోయి దేశం కూలిపోబోతున్న వేళ, విశ్వవిద్యాలయంలోని మహిళలు సూర్యకిరణాలను కేంద్రీకరించి శత్రుసేనను తరిమివేశారు. నాటినుంచి ఏర్పాటు తలక్రిందులైంది. ఆ దేశంలో వంటగది తోట నడుమ ఉంటుంది. పొగ లేదు, బొగ్గు లేదు, సూర్యుని వేడితోనే వంట. మేఘాలనుంచి నీటిని సేకరించి పొలాలకు మళ్ళిస్తారు. గాలిలో ఎగిరే వాహనంపై ప్రయాణిస్తారు. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండనిదే ఆడపిల్లకు పెళ్ళి లేదు. విమానం కొత్తగా పుట్టి రెండేళ్ళయినా కాని కాలంలో, మన దేశపు ముస్లిం స్త్రీ ఒకరు ఊహించిన లోకమిది. స్త్రీలే ఉండే దేశాన్ని గురించి అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘హర్‌ల్యాండ్’ మరో పదేళ్ళకు, 1915లో వెలువడింది.

పురుషులను ఇంట బంధించాలన్నది రొకేయా సిద్ధాంతమా? కాదు. అది అద్దం. ఎదురుగా నిలబడితే అద్దంలో కుడి ఎడమవుతుంది. ‘ఒక వర్గాన్ని గదిలో మూసిపెట్టి బలహీనులని పిలవడం మీకు సహజంగా తోస్తున్నది. దానినే తిప్పి చూపితే నవ్వు వస్తున్నది. ఎందుచేత?’ అని అడగడమే ఆ కథ పని. వ్యాసం రాసి ఉంటే చర్చలు జరిగేవి. కథ కావడంతో, చదివిన పురుషుడు కొద్దిసేపు తానే మర్దానాలో కూర్చోవలసి వచ్చింది.

ఆమె కథ రాసి ఊరుకోలేదు. బాలికల పాఠశాల కోసం భర్త పదివేల రూపాయలు కేటాయించారు. 1909లో ఆయన మరణించిన తర్వాత, ఆ సంవత్సరమే భాగల్పూరులో అయిదుగురు పిల్లలతో బడి ఆరంభమైంది. 1911లో ఎనిమిది మందితో కలకత్తాలో తిరిగి మొదలైంది. పిల్లలను పంపమని ఆమె ఇంటింటికీ వెళ్ళి తల్లిదండ్రులను వేడుకున్నారు. బడి బండిని పూర్తిగా మూసివేస్తే గాలి ఆడక పిల్లలు సొమ్మసిల్లారు. తెరలు కట్టి గాలి రానిస్తే, పర్దా చాలదని ఉత్తరాలు వచ్చాయి. శాలీనమైన వస్త్రధారణను ఆమె వ్యతిరేకించలేదు. చదువుకు అడ్డుగోడగా మారిన నిర్బంధాన్నే వ్యతిరేకించారు. 1932 డిసెంబరు 9న మరణించే వరకు ఆమె ఆ పనిలోనే ఉన్నారు. ఆ పాఠశాల నేటికీ కలకత్తాలో నడుస్తున్నది. ముస్లిం స్త్రీకి నోరు లేదనే బయటివారి మూసను, ఆడపిల్లకు అంత చదువెందుకనే ఇంటివారి మూసను ఆమె ఒకేసారి బద్దలు కొట్టారు. మనం తరచుగా మొదటిదానిని గురించి మాట్లాడి రెండవదానిని మరచిపోతాము.

మన కాలంలో కూడా ఇటువంటి ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2014లో అమెరికాలో ‘మిస్ మార్వెల్’ చిత్రకథ కొత్త రూపంలో మొదలైంది. ఇందులో నాయిక కమలా ఖాన్, పాకిస్తాన్‌నుంచి వలస వచ్చిన కుటుంబంలోని పదహారేళ్ళ ముస్లిం బాలిక. రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన మహిళ. సంపాదకురాలు సనా అమానత్ కూడా ముస్లిమే. రూపం మార్చుకునే శక్తి కలిగినప్పుడు కమలా మొదట పసుపు జుట్టు తెల్ల యువతిగా మారుతుంది. వీరులు అలాగే ఉంటారని ఆమె అనుకున్నది మరి! క్రమంగా తన రూపంతోనే తాను మేలు చేయగలనని గ్రహిస్తుంది. ఈ సంపుటానికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. ఆ సన్నివేశాన్ని తలచుకున్నప్పుడు నాకు మా పిల్ల నోటుపుస్తకమే గుర్తుకు వచ్చింది.

తెలుగులో మన జీవితాల కథలు రాలేదని కాదు. 2004లో వచ్చిన ‘వతన్’ సంకలనం వంటివి మన పేదరికాన్ని, అవమానాలను, ఆత్మగౌరవాన్ని బలంగా చెప్పాయి. అవి మన నిన్నను, నేటిని చూపాయి. మన రేపును చూపే కథలు కూడా కావాలి. నూరేళ్ళ తర్వాత మన ఊరు ఎలా ఉంటుంది? సముద్రం పొంగితే మచిలీపట్నం మసీదు ముఅజ్జిన్ ఎక్కడ అజాన్ పలుకుతాడు? ఈ ప్రశ్నలు మన పిల్లలు కాక మరెవరు అడుగుతారు?

ఇక్కడ ఒక సందేహం సహజం. కల్పన అబద్ధం కాదా? వినేవానిని మోసగించేది అబద్ధం. కథకుడు ఇది కథ అని ముందుగానే చెబుతాడు, వినేవానికీ తెలుసు. దివ్య ఖుర్‌ఆన్ సత్యాన్ని మన హృదయాలకు చేర్చడానికి ధాన్యపు గింజ, సాలెగూడు వంటి ఉపమానాలను వినియోగించింది. పోలిక ద్వారా బోధపరచడం మనకు కొత్త కాదు. అయితే హద్దులు ఉన్నాయి. అశ్లీలాన్ని, షిర్క్‌ను ఆకర్షణీయం చేసేవి, దైవప్రవక్తల గౌరవానికి భంగం కలిగించేవి మన ఇంటికి తగవు. అందుచేత పిల్లలకు ఇచ్చే పుస్తకాన్ని ముందుగా పెద్దలు చదవాలి. చదవకుండా నిషేధించడమూ, చదవకుండా చేతికివ్వడమూ రెండూ బాధ్యత నుంచి తప్పుకోవడమే.

మరొక హద్దు ఇంకా ముఖ్యమైనది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డపేర్లతో పిలుచుకోవద్దని సూరా హుజురాత్ మనకు ఆదేశించింది. ఆ ఆదేశం మన కలానికీ వర్తిస్తుంది. మన పేరున్నవారందరినీ వీరులుగా, ఇతరులందరినీ దుష్టులుగా రాస్తే, మనం మూసను పగులగొట్టినట్లు కాదు. అదే మూసలో వేరే లోహాన్ని పోసినట్లు. పొరుగువారి గురించి మన పిల్లల మాటల్లో దొర్లే మూసలను కూడా సరిదిద్దవలసినది మనమే.

తల్లులకు, తండ్రులకు ఒక విన్నపం. వారంలో ఒక రాత్రి ఇషా తర్వాత టీవీ కట్టివేసి, పిల్లలకు ఒక కథను సగం మాత్రమే చెప్పండి. మిగిలిన సగం వారిని చెప్పమనండి. నాయిక పేరు ఏమిటని, ఆమె ఇల్లు ఎక్కడని అడగండి. వారిచ్చే జవాబులో లోకం వారికి ఏమి నేర్పిందో మీకు తెలుస్తుంది.

నేను ఆ సాయంత్రం మా పిల్లకు రొకేయా గారి కథ చెప్పాను. కళ్ళు పెద్దవి చేసి విన్నది. "ఆ కలగన్న ఆవిడ పేరేమిటి ఖాలా?" అన్నది. "కథ పేరులోనే ఉన్నదమ్మా, సుల్తానా" అన్నాను. "నిజంగానా? నూట ఇరవై ఏళ్ళ క్రితమే?" అన్నది.

మరునాడు నోటుపుస్తకం మళ్ళీ నా చేతికి వచ్చింది. నౌక నాయకురాలి పేరు మారలేదు. ఆమె బడిలో తన ప్రాణస్నేహితురాలి పేరట అది, తీసివేయడానికి మనసు రాలేదట. కాని నౌకలో ఏడవ మనిషి చేరింది. యంత్రాలను నడిపే ఇంజినీరు సుల్తానా. దానితోపాటు ఒక చిక్కుప్రశ్న కూడా పుట్టింది. "శనిగ్రహం దగ్గర ఖిబ్లా ఎటు ఖాలా? నమాజు వేళలు ఎలా లెక్కపెట్టాలి?"

2007 రమజాన్ మాసంలో మలేసియాకు చెందిన షేక్ ముజఫర్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళారని, అక్కడ రోజుకు పదహారు సూర్యోదయాలు కలుగుతాయని, అందుచేత ఆ దేశపు ఉలమాలు కూర్చొని ఆయన కోసం నియమాలు రూపొందించారని చెప్పాను. బయలుదేరిన చోటి కాలాన్ని అనుసరించవచ్చని, సాధ్యమైనంత వరకు కాబా వైపు, కుదరకపోతే భూమి వైపు, అదీ కుదరకపోతే వీలైన దిక్కుకు తిరగవచ్చని వివరించాను. పిల్ల శ్రద్ధగా రాసుకున్నది.

"అయితే శనిగ్రహం నుంచి భూమి చుక్కలా కనిపిస్తుంది. సుల్తానా ముందు ఆ చుక్కను వెదకాలి" అంటూ, ఆ అధ్యాయం రాయడానికి కిటికీ పక్కకు వెళ్ళిపోయింది.