నవ్వుల మాటలంటే ఇంత చిన్నచూపా?

1891లో మా బిలాస్‌పూర్ మీదుగా నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను పడింది. ఆ తర్వాత వాల్తేరు వరకూ ఉన్న తూర్పుతీరపు లైనూ అదే కంపెనీ చేతికొచ్చింది. అలా శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్లు గ్యాంగుల్లోకి, లోకోషెడ్లలోకి పనికొచ్చి బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయారు. వాళ్ల కష్టం గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లు వెంట తెచ్చుకున్న నవ్వుల మాటల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నా బాధంతా అదే.

మా క్వార్టర్ల వరసలో ఒక మామ్మ ఉండేది. గుమ్మంలో కూర్చుని, తల తిప్పకుండానే ఎవరి నవ్వు ఎలాంటిదో పట్టేసేది. కుళాయి దగ్గర ఆడపిల్లలు కిలకిలా నవ్వితే పట్టించుకునేది కాదు. ఎవరైనా కిసుక్కుమన్నారో, "ఎవుర్ని సూసి నవ్వినావే గుంటా?" అని నిలదీసేది. ఊరికే పళ్లు బయటపెట్టిన కుర్రాణ్ని "ఏట్రా ఆ ఇకిలింపు?" అని కసిరేది.

ఆమె చదువుకోలేదు కానీ ఆ లెక్క ఎంత కచ్చితమైనదో చూడండి. ఆపుకోబోతే జారిపోయిన నవ్వు కిసుక్కు. అందులో తరచూ ఎవరో ఒకరు నవ్వులపాలై ఉంటారు. ఒక్కసారిగా తన్నుకొస్తే ఫక్కు, ఆగకుండా సాగితే పకపక. గొల్లుమనాలంటే ఒక్కరు చాలరు, నలుగురూ ఉండాలి. ముసిముసికైతే చప్పుడే లేదు. మన నిఘంటువులు మాత్రం పకపక దగ్గర 'ధ్వన్యనుకరణం' అనీ, ముసిముసి దగ్గర 'చిరునవ్వు' అనీ రాసి చేతులు దులుపుకుంటాయి. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అలా నవ్వుతారన్నది వాటికి పట్టదు.

జపాన్‌వాళ్లు ఇలా వదిలెయ్యలేదు. పగలబడి నవ్వితే గెరగెర, లోలోపల నవ్వుకుంటే కుసుకుసు, మొహం విప్పారితే నికోనికో, మనసులో ఏదో పెట్టుకుని నవ్వితే నియానియా. చప్పుడు చెప్పే మాటలు వేరు, వాలకం చెప్పే మాటలు వేరు అని వాటికి రెండు పేర్లు పెట్టారు. 2007లో ఓనో మసహిరో ఇలాంటి మాటలు 4500 కూర్చి పెద్ద నిఘంటువే వేశారు. మనకు మాటలు తక్కువై కాదు, వాటిమీద గౌరవం తక్కువై వెనకబడ్డాం.

ఇలాంటి మాటలు ద్రావిడ భాషలకూ ఉత్తరాది భాషలకూ ఉమ్మడి సొత్తని ఎమెనో అనే భాషావేత్త 1969లోనే చూపించారు. పక్కింటి హిందీలో ఖిల్‌ఖిలానా వినిపిస్తుంది కాబట్టి మా పిల్లలకు కిలకిల ఇంకా తెలుసు. కిసుక్కు, ఇకిలింపు తెలియవు. ఏ నవ్వుకైనా ఫోన్లో ఒకటే పచ్చబొమ్మ పంపిస్తారు. తప్పు వాళ్లది కాదు, ఇళ్లలో మనం ఆ మాటలు అనడం మానేశాం.

మా ఊరి తోర్వా, తార్‌బాహర్ పేటల్లో ఆ మాటలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. తెలుగు సంఘాల పెద్దలారా, మీరు ఉగాదికి పద్యాల పోటీ పెడుతున్నారు, సంతోషం. ఈసారి పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి ఆ ముసలివాళ్ల దగ్గరికి పంపండి. ఏ నవ్వును ఏమంటారో, ఎవరు నవ్వితే అలా అంటారో అడిగి రాసుకురమ్మనండి.