దేవుడి నిర్ణయం, గుమాస్తా సంతకం

2025 జూన్‌లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ డాలస్ నగరంలో వార్షిక సమావేశం జరుపుకుని ఒక తీర్మానం చేసింది. అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంటు సంఘం అది, సభ్యులు కోటికి పైమాటే. వివాహాన్ని సృష్టి ఆరంభంలోనే దేవుడు ఏర్పాటు చేశాడు, అది ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య బంధం, దాన్ని మార్చే అధికారం మనుషులకు లేదు, కనుక స్వలింగ వివాహాలను దేశమంతటా చట్టబద్ధం చేసిన 2015 నాటి ఒబర్గఫెల్ తీర్పు రద్దు కావాలి అని తీర్మాన సారాంశం.

ఎవరి విశ్వాసం వారిది. తమ గుడిలో ఎవరికి పెళ్లి చేయాలో, ఎవరికి చేయకూడదో తేల్చుకునే హక్కు ఆ సంఘానికి ఉంది. దాన్ని ఏ కోర్టూ కాదనలేదు. కానీ ఆ సంఘంలో అడుగైనా పెట్టని వాళ్లకు కూడా ఇదే చట్టం కావాలన్నప్పుడు వారు చూపే సాక్ష్యాన్ని పరీక్షించే హక్కు మనకూ వస్తుంది. వారి ప్రధాన సాక్ష్యం ఒక్కటే: ఈ నిర్వచనం ఎన్నడూ మారలేదు.

యాకోబు ఇద్దరు అక్కచెల్లెళ్లను కట్టుకోవడం, సొలొమోనుకు ఏడు వందల మంది భార్యలూ మూడు వందల మంది ఉపపత్నులూ ఉండటం గురించి నేను ఇక్కడ వాదించను. అవి జరిగిన సంగతులే తప్ప దేవుడి ఆజ్ఞలు కావన్న జవాబు వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. సరే, ఆ జవాబు ఒప్పుకుందాం. పాత నిబంధన దాకా పోనక్కర్లేదు, సొంత ఇంటి చరిత్ర చాలు.

ఈ కన్వెన్షన్ 1845లో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో పుట్టింది. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగాదాలో ఉత్తరాది బాప్టిస్టులతో తెగతెంపులు చేసుకుని పుట్టింది. ఆ కాలంలో బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు. ఇద్దరు బానిసలు సంఘంలో బాప్తిస్మం తీసుకుని, పాస్టరు ముందు చేతులు కలిపినా, యజమాని అప్పు తీర్చుకోవడానికి భర్తను అమ్మేస్తే అడిగే దిక్కు లేదు. అమ్ముడుపోయిన మనిషి వందల మైళ్ల అవతల పత్తి చేలో తేలేవాడు. ఇక్కడ మిగిలిన భార్య మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా? దేవుడు కలిపిన జంటను మనిషి విడదీయరాదని యేసు చెప్పాడు కదా. దక్షిణాది బాప్టిస్టు పెద్దలను ఇది నిజంగానే ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 1835లో సవన్నా రివర్ బాప్టిస్టు అసోసియేషన్ ముందుకు ఇది రానే వచ్చింది. ఇలాంటి ఎడబాటు లౌకికంగా మరణంతో సమానం, దేవుడి దృష్టిలోనూ అంతే అని వారు తేల్చారు. వేరే పెళ్లి వద్దంటే ఆ బానిసలను మరింత కష్టానికీ ప్రలోభానికీ గురిచేసినట్టవుతుందన్న దయ కూడా అందులో కలిపారు.

ఈ తీర్పులో యజమానికి ఒక్క మందలింపు లేదు. జంటను విడదీసిన మనిషి ఆదివారం గుడిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. మారాల్సి వచ్చింది వివాహ నిర్వచనమే, బతికున్న భర్తను చచ్చిన వాడిగా లెక్కగట్టేటంతగా. కొందరు పాస్టర్లు బానిసల పెళ్లిళ్లలో ప్రమాణాన్నే సవరించి, చావు గానీ దూరం గానీ విడదీసే వరకు అని పలికించారు. ఎన్నడూ మారని నిర్వచనం ఇదేనట! బానిసత్వాన్ని సమర్థించినందుకు కన్వెన్షన్ 1995లో క్షమాపణ చెప్పింది. చెప్పడం మంచిదే. అప్పటికి ఆ సంఘం పుట్టి నూట యాభై ఏళ్లు.

తర్వాతి శతాబ్దంలో మరో ముచ్చట. 1958లో రిచర్డ్ లవింగ్ అనే తెల్లవాడూ మిల్‌డ్రెడ్ అనే నల్లజాతి మూలాలున్న యువతీ వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకుని వర్జీనియాలోని సొంతూరికి తిరిగొచ్చారు. కొద్ది వారాల్లోనే పోలీసులు అర్ధరాత్రి పడకగదిలోకి చొరబడి అరెస్టు చేశారు. ఏడాది జైలు, అయితే ఇరవై ఐదేళ్లు రాష్ట్రం వదిలిపోతే మాఫీ. ఇదీ శిక్ష. దేవుడు జాతులను వేర్వేరు ఖండాల్లో పెట్టాడంటే అవి కలవకూడదన్నదే ఆయన ఉద్దేశమని ఆ శిక్ష వేసిన జడ్జి బాజిల్ 1965లో రాశారు. వేర్వేరు జాతుల మధ్య పెళ్లిని నిషేధించిన ఆ చట్టాన్ని 1967లో సుప్రీంకోర్టు కొట్టేసే నాటికి ఇంకా పదహారు రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి. సౌత్ కరోలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం వేరే జాతి వాళ్లతో డేటింగ్ చేయకూడదన్న నిబంధనను 2000 సంవత్సరం దాకా, అదీ బైబిలు పేరు మీదే, అమలు చేసింది. ఈ రోజు ఆ వాదన చేసే బాప్టిస్టు పాస్టరు దాదాపు కనిపించడు. ఆ ఆజ్ఞ ఎప్పుడు, ఎలా రద్దయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక పెళ్లి మీద పెత్తనం ఎవరిదన్న విషయం. 1563లో ట్రెంట్ మహాసభ మతగురువు, సాక్షులు తప్పనిసరి అనేదాకా కాథలిక్ ఐరోపాలో ఇద్దరు ఒకరికొకరు మాట ఇచ్చుకుంటే చాలు, పెళ్లి అయినట్టే. అమెరికా సంప్రదాయవాదులు పితామహులుగా కొలిచే ప్లిమత్ యాత్రికులైతే ఇంకా ముందుకెళ్లారు. 1621లో ఆ వలసలో జరిగిన మొదటి పెళ్లిని, ఎడ్వర్డ్ విన్‌స్లో, సుసన్నా వైట్‌ల పెళ్లిని, మేజిస్ట్రేటు జరిపించాడు, పాస్టరు కాదు. పెళ్లి ఆస్తికీ వారసత్వానికీ సంబంధించిన పౌర వ్యవహారం, అది పాస్టరు పని అని సువార్తల్లో ఎక్కడా లేదు అని గవర్నరు బ్రాడ్‌ఫర్డ్ రాసుకున్నాడు. ఆయన కంటే భక్తులమని చెప్పుకోవడానికి ఇవాళ్టి వాళ్లకు ధైర్యం చాలాలి.

అసలు చిక్కు విడాకుల దగ్గరుంది. స్వలింగ వివాహం గురించి యేసు మాట్లాడినట్టు సువార్తల్లో ఒక్క ముక్క లేదు. విడాకుల గురించి మాత్రం సూటిగా, కటువుగా మాట్లాడాడు. అయినా తప్పు నిరూపించనక్కర్లేకుండా విడాకులిచ్చే చట్టం మీద 1969లో కాలిఫోర్నియా గవర్నరుగా సంతకం చేసింది రోనాల్డ్ రీగన్. ఆయనా విడాకులు తీసుకున్నవాడే. 1980లో సంప్రదాయ క్రైస్తవులు ఆయన్నే భుజాన మోసి అధ్యక్షుణ్ణి చేశారు.

ఈ ఇబ్బంది ఎరిగినవాళ్లు అక్కడా లేకపోలేదు. 1997లో లూసియానా 'నిబంధన వివాహం' అనే ప్రత్యేక పెళ్లి తెచ్చింది. అందులో పెళ్లికి ముందే కౌన్సెలింగ్ తప్పనిసరి, విడాకులు దొరకడం కష్టం. తర్వాత అరిజోనా, ఆర్కాన్సాస్ అనుసరించాయి. ఆర్కాన్సాస్ గవర్నరు మైక్ హకబీ, స్వయానా బాప్టిస్టు పాస్టరు, 2005 వాలెంటైన్స్ డే నాడు వేలమంది సమక్షంలో తన పెళ్లిని ఆ కోవలోకి మార్చుకున్నారు. ఇంత ఆర్భాటం చేసినా వందలో ఒకటి రెండు జంటలకు మించి దాని గడప తొక్కలేదు. లూసియానా, ఆర్కాన్సాస్ భక్తి మెండుగా ఉన్న రాష్ట్రాలు. ఆ కట్టుబాటు మంచిదని ఆమెన్ చెప్పినవాళ్లలో చాలామంది తమ దాకా వస్తే మామూలు లైసెన్సే పుచ్చుకున్నారు.

దీన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఇందులో ఒక పరిష్కారం దాగి ఉంది. విడాకులు పాపమని నమ్మే కోట్లమంది, విడాకులు సులువుగా దొరికే దేశంలో యాభై ఏళ్లకు పైగా హాయిగా బతుకుతున్నారు. విడాకులైన వారికి రెండో పెళ్లి చేయనని కాథలిక్ మతగురువు అనొచ్చు, ఆయన్ని ఎవరూ బలవంతపెట్టరు. అదే జంట కౌంటీ కార్యాలయానికి వెళితే లైసెన్సు దొరుకుతుంది. ఇద్దరి పనీ సాగుతుంది. స్వలింగ జంట దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు ఎందుకు చెల్లదో నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

కెంటకీలోని రోవన్ కౌంటీ గుమాస్తా కిమ్ డేవిస్ 2015లో అడ్డుపడింది సరిగ్గా ఇక్కడే. స్వలింగ జంటలకు ఇవ్వాల్సి వస్తుందని అసలు పెళ్లి లైసెన్సులే ఆపేశారు. కోర్టు ఆజ్ఞ ధిక్కరించి ఐదు రాత్రులు జైల్లో గడిపారు. ఆమెకూ మూడుసార్లు విడాకులయ్యాయని పత్రికలు ఎద్దేవా చేశాయి. అది అనవసరం, ఆవిడ సొంత బతుకు ఆవిడది. అడగాల్సింది మరొకటి: విడాకులైన వారికి ఆ బల్ల మీద ఏళ్ల తరబడి లైసెన్సులు ఇచ్చినప్పుడు ఏ మనస్సాక్షీ అడ్డు రాలేదు కదా, ఇప్పుడెందుకు వచ్చింది? స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న బేకరీ యజమాని మనస్సాక్షి కాస్త కష్టమైన ప్రశ్నే, ఒప్పుకుంటాను. ప్రజల డబ్బుతో జీతం తీసుకునే గుమాస్తా సంతకం అలాంటిది కాదు. ఒబర్గఫెల్ తీర్పును రద్దు చేయాలన్న ఆమె పిటిషన్‌ను 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది.

మన దగ్గరి క్రైస్తవ వివాహ చట్టాలనూ చాలామంది బైబిలు వాక్యంలోంచి దిగినవనుకుంటారు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే సరిపోయేది. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతోపాటు హింసో, వదిలేయడమో కూడా రుజువు కావలసి ఉండేది. ఈ తేడా సువార్తల్లోది కాదు. లండన్ పార్లమెంటు 1857లో చేసిన చట్టంలోంచి ఎత్తి రాసింది. ఆ పార్లమెంటు 1923లో దాన్ని సరిదిద్దుకుంది. మనం 2001 దాకా మోశాం. ఈలోగా గుంటూరులోనో ఏలూరులోనో తాగి కొట్టే భర్త నుంచి బయటపడాలనుకున్న క్రైస్తవ మహిళ, అతనికి వేరే స్త్రీతో సంబంధం ఉందని కూడా రుజువు చేయాల్సి వచ్చేది.

అందుకే మన సంఘాల పెద్దలకూ, అమెరికా ప్రసంగాలు తెలుగులోకి దింపి పంచే వారికీ ఒక విన్నపం. వివాహం దేవుడి నిర్ణయమని మీ సభ్యులకు బోధించండి, అది మీ హక్కు. ప్రభుత్వ రిజిస్ట్రారు దగ్గరికి మాత్రం ఆ మాట తీసుకెళ్లకండి. అక్కడ నిలబడే జంటలో మీ సంఘస్తులు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇద్దరూ పౌరులన్నది మాత్రం ఖాయం.