అడగడానికి మొహమాటం.. ఆ తర్వాత జాబ్ సపోర్ట్!

ఫ్రిస్కోలో ఉండే మా ఊరి కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. మాస్టర్స్ అయ్యాక కొన్నాళ్లు తిరిగితే, పూర్తిగా ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికింది. 'అన్నా, పగలంతా మీటింగులు. రాత్రి పదకొండు నుంచి హైదరాబాద్ ఆయనతో స్క్రీన్ షేరింగ్. నిద్ర ఉండట్లేదు' అన్నాడు.

ఆ 'ఆయన' ఎవరో ఈ పేజీ చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జాబ్ సపోర్ట్. నెలకింతని తీసుకుని, ఇక్కడివాళ్ల పని అక్కడ కూర్చుని చేసిపెట్టే మనిషి. తప్పే. కంపెనీ కోడ్‌ను బయటివాళ్లకు చూపించామని తెలిస్తే ఉద్యోగం పోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాత మిగిలేది మహా అయితే 60 రోజులు. ఈ సంగతి అతనికి నేను చెప్పాల్సిన పనిలేదు.

నేను అడిగింది వేరు. మీ కంపెనీలో ట్రైనింగ్ ఇవ్వరా? ఇస్తారట. లాగిన్ అవగానే 'మీ కోసం ఎంపిక చేసినవి' అంటూ వందల వీడియోలు. మా ఆఫీసులోనూ అలాంటి పోర్టల్ ఒకటుంది. పదిహేడేళ్లుగా జావా రాస్తున్న నాకు ఈమధ్య 'కొత్తగా నేర్చుకునేవారికి జావా' అనే కోర్సు సూచించింది. టీమ్‌లో చేరిన అమ్మాయికి చూపిద్దామని ఎప్పుడో ఒకసారి దాన్ని క్లిక్ చేశాను మరి! దీనికి పెట్టిన పేరు పర్సనలైజ్డ్ లెర్నింగ్. నేనేం క్లిక్ చేశానో దానికి తెలుసు. మంగళవారం ఏ ఎర్రర్ దగ్గర మూడు గంటలు ఆగిపోయానో తెలియదు.

హైదరాబాద్ ఆయన మొదట అనే మాట 'నీ స్క్రీన్ చూపించు'. అతని బలమంతా అక్కడే ఉంది.

దూరం వల్లే ఇదంతా అనుకోవడానికి లేదు. మైత్రీవనం చుట్టుపక్కల క్లాసులకు తిరిగిన తరం మాది. కోవిడ్‌కు చాలా ముందే అమీర్‌పేట సార్లు ఆన్‌లైన్‌లో అమెరికా వాళ్లకు పాఠాలు చెప్పారు. 2015లో హెచ్‌4 వాళ్లలో కొందరికి పని అనుమతి వచ్చాక, పిల్లల్ని పడుకోబెట్టి ఆ క్లాసుల్లో కూర్చుని ఉద్యోగాలు తెచ్చుకున్న ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కుర్చీ పక్కకు జరిపి 'ఒక్క నిమిషం' అంటే సరిపోయేది. ఇప్పుడు ఆ నిమిషం కోసం క్యాలెండర్‌లో ఖాళీ వెతకాలి, ఇన్వైట్ పంపాలి. ఇంత చిన్నదానికా అనుకుంటారేమోనని సగంలో ఆపేస్తాం. రెజ్యూమేలో లేని అనుభవం రాసుకున్నవాళ్లకైతే నోరే రాదు. ఈ కుర్రాడిది ఆ బాపతు కాదు. జావా బాగానే వచ్చు, తీసుకెళ్లి కుబెర్నెటీస్ పనిలో వేశారు.

చదువుకు కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దానిపై ఉద్యోగికి ఫెడరల్ పన్ను ఉండదు. ఆ పథకం మీ ఆఫీసులో ఉందేమో కనుక్కోండి, వాడుకోండి. కానీ మంగళవారం నాటి ఎర్రర్‌కు అది మందు కాదు. కావాల్సింది వారానికి ఒక గంట, అదే టీమ్‌లోని సీనియర్‌తో, పనివేళల్లో. ఆ గంటను సీనియర్ పనిగా కూడా లెక్కేయాలి. లేకపోతే నాలాంటివాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. 'డాక్యుమెంట్ చదువు' అని ఒక లింక్ పడేస్తారు. నేనూ చాలాసార్లు అదే చేశాను. మా టీమ్‌లో ఎంతమంది రాత్రిపూట హైదరాబాద్‌కు డబ్బు కడుతున్నారో అని ఇప్పుడు అనుమానంగా ఉంది.

పోయిన వారం ఆ కుర్రాడు ధైర్యం చేసి మేనేజర్‌ను అడిగాడు. గంట అడిగితే గురువారం మధ్యాహ్నాలు అరగంట ఇచ్చారు. హైదరాబాద్ ఆయనకు మాత్రం ఈ నెల డబ్బు ముందే కట్టేశాడట.